పసుపు బెల్టు

తురాయి పూలు.

మే నెల ఎండలో ఎర్రగా, మెత్తగా, కుప్పలు కుప్పలుగా రాలిన పూలు. వాటి మీద ఒక మనిషి పడ్డాడు. పూలేవో నెత్తురేదో ఎవరికీ తెలియలేదు.

పచ్చి కట్టె వాసన. దుమ్ము వాసన. ఇంకా ఆపని ట్రాక్టరు పొగ వాసన...

రెబెక్కా గౌడవెల్లి నుంచి బండి తోలుకుంటూ వచ్చేసరికి మనిషిని తీసుకుపోయారు. పూలలో మనిషంత గుంట మిగిలింది.

ఆ గుంట ఆమె నాయినది.

సత్యానందం ముప్పై ఏళ్లుగా చెట్లెక్కినవాడు. కరెంటు తీగలకు అడ్డొచ్చే కొమ్మలు, ఇంటి కప్పుల మీదికి ఒరిగే కొమ్మలు, గాలికి విరిగి వేలాడే కొమ్మలు. అన్నీ అతని చేతి మీదుగా నేలకు దిగినవే. గౌరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర కూలి. ఆ రోజు శామీర్‌పేట చెరువు వైపు, గోడ కట్టుకున్న విల్లాల మధ్య, తురాయి చెట్టు మీద పని.

తురాయి కట్టె పెళుసు. అది సత్యానందానికి తెలుసు. అందుకే బెల్టు అడిగాడు.

గౌరయ్య ఇచ్చాడు కూడా.

కానీ ఆ మధ్యాహ్నం నుంచి గౌరయ్య ఒక్కటే మాట. ఆస్పత్రిలో అదే. విల్లా వాళ్ల దగ్గర అదే. పోలీస్ స్టేషన్‌లో అదే.

"బెల్టు ఇచ్చిన. ఆయనే పెట్టుకోలే. నేనేం జెయ్యాలె?"

ఆస్పత్రిలో నర్సు సత్యానందాన్ని పక్కకు తిప్పింది. చొక్కా కత్తిరించింది. రెబెక్కా చూసింది.

నడుము చుట్టూ నల్లటి పట్టీ. నాలుగు వేళ్ల వెడల్పు. వాతలా లేచిన చర్మం. బొడ్డుకు ఎడమ పక్కన బకిల్ అచ్చు. ఆ అచ్చులో రెండు పళ్ల గుర్తులు.

పెట్టుకోని బెల్టు ఒంటి మీద అచ్చు వేస్తుందా?

ఆమె మళ్లీ బండి తీసింది. మళ్లీ ఆ చెట్టు కిందికి పోయింది. పూలు చేత్తో తోసింది. కొమ్మలు ఎత్తింది. ఎండుటాకుల కింద వెతికింది.

రంపం ఉంది. తువ్వాల ఉంది. ఒక చెప్పు ఉంది.

బెల్టు లేదు.

మూడో రోజు గౌరయ్య మనిషి ఒక కాగితం తెచ్చాడు. *బెల్టు ఇచ్చారు. నేను పెట్టుకోలేదు. తప్పు నాదే.* ఆ కాగితం మీద సంతకం పడితే ఆపరేషన్ సంగతి గౌరయ్య చూసుకుంటాడట. పడకపోతే చూసుకోడట.

రెబెక్కా మందుల కోసం కిందికి దిగింది. పైకి వచ్చేసరికి సంతకం పడిపోయింది. సత్యానందం సంతకం. దాని పక్కన, సాక్షిగా, అమ్మ ఎలీషమ్మ వేలిముద్ర. భర్తకు వ్యతిరేకంగా భార్యే సాక్షి.

"ఏం జెయ్యమంటవ్ బిడ్డా?" అంది ఎలీషమ్మ. బొటనవేలి సిరాను కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. "మనిషి దక్కాలె గదా..."

మనిషి దక్కాడు. కాళ్లు దక్కలేదు.

రెబెక్కాకు కోపం వచ్చింది. గౌరయ్య మీద. ఆ కాగితం మీద. కాగితం కింద పెట్టిన అట్ట మీద. అమ్మ వేలి మీద. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్న నాయిన మీద.

ఎర్రగా మండి ఆరిపోయే కోపం కాదు. వేపచెట్టుకు గంటు పడితే బంక కారుతుంది. కారి, గడ్డకట్టి, దాని మీద మళ్లీ కారుతుంది. అలాంటి కోపం.

ఆదివారం చర్చి నుంచి జనం వచ్చారు. ప్రార్థన చేశారు. పళ్లు తెచ్చారు. పోతూ పోతూ ఒక పెద్దాయన రెబెక్కా తల మీద చేయి పెట్టాడు.

"మనసుల ఏం పెట్టుకోకు తల్లీ. క్షమించు."

"ఎవరన్న అడిగిండ్రా?" అంది రెబెక్కా. "తప్పయిందని ఎవరన్న వచ్చి అడిగిండ్రా? అడగనోన్ని ఎట్ల క్షమించాలె?"

వచ్చినవాళ్లు చెప్పులు వెతుక్కున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన ఒక్కడే ఆమె వైపు తిరిగి చూశాడు. ఎడ్వర్డ్. అల్వాల్ నుంచి వచ్చాడు. ఒకప్పుడు సైన్యంలో, కొండలెక్కే జవాన్లకు తాళ్లు కట్టడం నేర్పినవాడు. డెబ్బై దాటినా వీపు వంగలేదు.

వర్షాలు మొదలయ్యాక రెబెక్కా అల్వాల్ పోయి ఆయన తలుపు తట్టింది.

"అంకుల్, నాకు తాళ్లు నేర్పుండ్రి. చెట్లెక్కుత."

"ఎందుకు?"

"పని నాకు ఎర్కే. పద్నాలుగేండ్లప్పటి సంది నాయినకు కింద తాడు పట్టిన."

"పని సంగతి అడగలే. ఎందుకని అడిగిన."

ఆమె పిడికిలి చూపించింది. తనకే తెలియకుండా బిగుసుకున్న పిడికిలి.

ఎడ్వర్డ్ ఆ పిడికిలిని చాలాసేపు చూశాడు. లోపలికి పోయాడు. బారెడు తాడు తెచ్చి అందులో పెట్టాడు.

"ముడి ఎయ్యి."

ఇరవై ఎనిమిదేళ్ల రెబెక్కా. వారంలో ఆరు రోజులు మేడ్చల్ మందుల కంపెనీలో ప్యాకింగ్. ఏడో రోజు పొద్దున చర్చి. చర్చి నుంచి నేరుగా అల్వాల్. ఎడ్వర్డ్ పెరట్లో నేరేడు చెట్టు. వెనక పట్టాలు. లోకల్ రైలు పోయినప్పుడల్లా ఆకుల మీది నీళ్లు జలజల రాలేవి.

ముడి వెయ్యి. విప్పు. ముడి వెయ్యి. విప్పు.

కళ్లు మూసుకుని వెయ్యి. తడి చేతులతో వెయ్యి. ఎడమ చేత్తో వెయ్యి.

తాడు మీద తాడు చుట్టి వేసే ముడి ఒకటుంది. బరువు పడితే బిగుస్తుంది. చేత్తో తోస్తే జారుతుంది. మనిషి ప్రాణం ఆ ముడి మీద ఉంటుంది. నూరు సార్లు వేసింది. వెయ్యి సార్లు వేసింది.

ఒక్కోసారి చెట్టు సగంలో ఉండగా ఆ నల్లటి పట్టీ కళ్ల ముందుకు వచ్చేది. నాలుగు వేళ్ల వెడల్పు. రెండు పళ్ల గుర్తులు. చేతులు వణికేవి.

"దిగు," అనేవాడు ఎడ్వర్డ్.

"ఏం కాలే అంకుల్."

"దిగు. కోపం కిందికొచ్చి తెచ్చుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు తెచ్చుకో. పైన మాత్రం వద్దు."

ఆమె దిగేది. నేరేడు మొదట్లో కూర్చుని పళ్లు నూరేది. మళ్లీ ఎక్కేది.

చలికాలం వచ్చింది. సొంత సామాను కొనాలి.

సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక సామాన్ల దుకాణం. హెల్మెట్లు, గొలుసులు, తాళ్ల చుట్టలు. దుకాణదారు ఎడ్వర్డ్ వైపే చూసి మాట్లాడాడు.

"ఎవరికి సార్?"

"ఆమెకు."

"ఏం పనికి?"

"చెట్లెక్కుత," అంది రెబెక్కా.

అతను నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, కొక్కేనికి వేలాడుతున్న గుత్తిలో నుంచి ఒకటి లాగి బల్ల మీద పడేశాడు.

పసుపు బెల్టు.

నాలుగు వేళ్ల వెడల్పు. నల్లటి బకిల్. ఆ బకిల్‌లో రెండు పళ్లు.

రెబెక్కా బకిల్ మీద వేలు పెట్టింది. ఎప్పుడూ కంటితో చూడని ఆ బెల్టును ఆమె నాయిన ఒంటి మీద చూసింది. ఆ అచ్చు ఆమెకు కంఠతా వచ్చు.

"వెయ్యి కిలోలు ఆపుతది మేడం."

"యాడ రాసున్నది?"

అతను ఒక స్టిక్కరు చూపించాడు. రెబెక్కా గోటితో గీకింది. స్టిక్కరు లేచి వచ్చింది. కింద ఏమీ లేదు. తయారు చేసిన వాడి పేరు లేదు. ఏడాది లేదు. అంకె లేదు. కుట్టు దగ్గర దారాలు అప్పటికే పోగులు లేచి ఉన్నాయి.

ఆమె బెల్టు అతని వైపు తోసింది.

"తొడుక్కో అన్నా."

"ఏంది?"

"తొడుక్కో. గా షట్టర్ పైన ఇనుప కడ్డీ ఉన్నది గదా, దానికి కడుత. ఒక్కసారి కాళ్లు లేపు. నీ బరువు ఆపితే కొంట."

"పరాచికాలా?"

"వెయ్యి కిలోలు ఆపుతది అంటివి. నువ్వు వెయ్యి కిలోలు లేవు గదా!"

దుకాణంలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. దుకాణదారు మొహం ఎర్రబడింది.

"మేం అమ్ముతం గంతే. ఎక్కం. కాంట్రాక్టర్లు డజన్లకు డజన్లు తీస్కపోతరు, ఒక్కడు గూడ గిట్ల అడగలే."

అడగరు. ఎందుకు అడుగుతారు? వాళ్లూ ఎక్కరు.

బెల్టు కొనేవాడు ఎక్కడు. అమ్మేవాడు ఎక్కడు. ఎక్కేవాడిని ఎవరూ అడగరు.

ఆమె గుత్తి వైపు చూసింది. పసుపు... పసుపు... పసుపు. గాలికి ఊగుతున్నాయి. ఇన్ని నడుములు. ఎవరెవరివో నడుములు.

కొండలెక్కే వాళ్లకు సామాను అమ్మే చిన్న దుకాణం ఒకటి సికింద్రాబాద్‌లో ఉంది. ఎడ్వర్డ్ అక్కడికి తీసుకుపోయాడు. నడుముకే కాదు, తొడలకు కూడా పట్టీలున్న బెల్టు. లోపలి వైపు కుట్టిన గుడ్డ ముక్క మీద పేరు, అంకె, ఏడాది. గోటితో గీకినా పోదు.

మొదటిది మగవాడి నడుముకు కుట్టింది. జారింది. రెండోది తొడల దగ్గర కోసుకుపోయింది. మూడోది తొడుక్కుంటే ఎడ్వర్డ్ ఆమెను దుకాణం దూలానికి కట్టి వేలాడదీశాడు.

"అరగంట ఉండు. కాళ్లు తిమ్మిరెక్కితే అది నీది కాదు."

అరగంట ఉంది. కాళ్లు తిమ్మిరెక్కలేదు. కళ్లు మాత్రం మండాయి. ఇంత సులువా? అరగంట వేలాడి చూస్తే తెలిసిపోయేదా? ముప్పై ఏళ్లలో ఒక్కసారి, ఒక్క అరగంట, ఎవరైనా నాయినను ఇలా వేలాడదీసి అడిగారా?

ఒక్కో నెల ఒక్కో వస్తువు. గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్. మర తిప్పితే గాని తెరుచుకోని ఇనుప కొక్కేలు. పెద్ద తాడు. దానికి తోడు, లోపల ఉక్కు తీగ ఉన్న పొట్టి తాడు.

"రంపం చేతిలో ఉంటే ఒక్క తాడు మీద ఉండొద్దు," అన్నాడు ఎడ్వర్డ్. "రంపానికి కొమ్మేదో తాడేదో తెల్వదు."

మిషన్ రంపం కొనాలనుకుంది. ఎడ్వర్డ్ తల అడ్డంగా ఊపాడు. మొదటి ఏడాది చేతి రంపమే.

చేతి రంపాలు రెండు ఇంటికి తెచ్చింది. ఒకటి తిరిగి ఇచ్చేయాలి. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న నాయిన ఒళ్లో రెండూ పెట్టింది. కాగితం మీద సంతకం చేసిన రోజు నుంచి సత్యానందం ముక్తసరిగా తప్ప మాట్లాడడు. ఆ పూట బొటనవేలితో పళ్లు తడిమాడు. ఒంపు ఉన్నదాన్ని ఎత్తి గాలిలో లాగాడు.

"గిది. లాగినప్పుడు కోస్తది. ఒంటి చేత్తోని నడుస్తది."

తర్వాత ఆగలేదు. చాలా నెలల మాటలు.

"కొమ్మ మొదట్ల ఉంగరం లెక్క ఉబ్బు ఉంటది సూడు. దాన్ని ముట్టకు. దానికి అవతల కొయ్యి. గాయం జల్దీ మానుతది. ముందుగల కింద గంటు పెట్టాలె, ఆ తర్వాత పైనుంచి. లేకపోతే బెరడు చీరుకుంట వస్తది. మొద్దు మీద పుట్టకొక్కులుంటే ఎక్కకు. వేలితో కొట్టి ఇను. బోలు చప్పుడు వస్తే ఎక్కకు..."

రెబెక్కా అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

"నాయినా. ఆ దినం ఏమైంది?"

రంపం మీద వేలు ఆగింది.

"పట్టుకున్నది బిడ్డా. గట్టిగనే పట్టుకున్నది. తర్వాత ఇడిసిపెట్టింది."

"ఎంతసేపటికి?"

సత్యానందం గోడ వైపు తిరిగాడు.

మార్చి చివర ఈదురుగాలి వచ్చింది. శామీర్‌పేటలో పద్మమ్మ అనే ఆవిడ ఇంటి వెనక నిద్రగన్నేరు కొమ్మ ఒకటి చీలి, రేకుల మీదికి ఒరిగింది. చర్చి వాళ్ల ద్వారా రెబెక్కా నంబరు దొరికింది ఆవిడకు.

తొలి పని.

కింద తాడు పట్టడానికి మనిషి కావాలి. రెబెక్కా ఎవరినీ అడగకముందే ఎలీషమ్మ కొంగు బిగించి నిలబడింది.

"మీ నాయినకు నువ్వు పట్టినవ్. నీకు నేను పడుత."

గేటు తీసిన పద్మమ్మ ఇద్దరి వెనకా చూసింది.

"ఎక్కేటోళ్లు ఎన్కొస్తుండ్రా?"

"నేనే ఎక్కేది అమ్మా."

పద్మమ్మ చెట్టు వైపు చూసింది. రెబెక్కా వైపు చూసింది. "పైలం బిడ్డా," అంది.

సన్న తాడుకు ఇసుక సంచి కట్టి విసిరింది. మొదటిసారి తప్పింది. రెండోసారి తప్పింది. మూడోసారి ఎత్తయిన పంగలో నుంచి దూకి అవతల పడింది. సన్న తాడు వెంట పెద్ద తాడు. ముడి వేసింది. లాగి చూసింది. వేలాడి చూసింది. ఎక్కింది.

పైన గాలి వేరుగా ఉంది. నిద్రగన్నేరు పూలు, గులాబీ రంగు నూగు, ముక్కుకు తగులుతున్నాయి. దూరంగా చెరువు మెరుస్తోంది. ఆమె తొడలకు, నడుముకు ఆ పట్టీలు... ఎవరో రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నట్టు. మొదటిసారి కోపం లేకుండా ఊపిరి తీసింది.

చీలిన కొమ్మను ముక్కలుగా దించింది. ఎలీషమ్మ ఒక్కో ముక్కను తాడు మీద మెల్లగా నేలకు వదిలింది. రేకు ఒక్కటి పగల్లేదు.

అప్పుడు ప్రహరీ అవతల గొడ్డలి చప్పుడు వినిపించింది.

రోడ్డు పక్కన వేపచెట్టు. కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొడుతున్నారు. ఆమె ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఒక మనిషి. మధ్యలో గోడ. మధ్యలో ఖాళీ గాలి.

బాలమల్లు. నాయినతో పాటు ఇరవై ఏళ్లు చెట్లెక్కినవాడు. ఆమె మామా అని పిలిచే మనిషి. నాయిన పడ్డాక ఒక్కసారి కూడా ఇంటికి రానివాడు.

అతని నడుముకు పసుపు బెల్టు.

"మామా!"

బాలమల్లు తలెత్తాడు. గాలిలో వేలాడుతున్న ఆమెను చూసి నోరు తెరిచాడు.

"రెబెక్కా?"

"గా బెల్టు ఎవరిచ్చిండ్రు?"

"ఇంకెవరు... గౌరయ్య సేటు."

"దాని మీద బరువు ఎయ్యకు. కొమ్మ పట్టుకో. రెండు చేతులతోని పట్టుకో. నేనొస్తున్న. కదలకు!"

ఆమె దిగింది. ఎంత కోపంగా ఉన్నా ముడి మీద చేయి వణకలేదు. దిగింది, తాడు విప్పుకుంది, గేటు దాటి పరిగెత్తింది. ఇసుక సంచి విసిరింది. ఈసారి ఒక్కసారికే అతని పై పంగలో నుంచి దూకింది. దాని వెంట పెద్ద తాడు.

"తాడు కట్టుకో మామా. చంకల కింది నుంచి. నేను చెప్పినట్టు ముడి ఎయ్యి."

బాలమల్లు కట్టుకున్నాడు. ఎలీషమ్మ, ఆమె కలిసి మెల్లగా కిందికి దించారు.

రోడ్డు మీద ట్రాక్టరు, ట్రాలీ. దాని నీడలో ఫోను చూసుకుంటున్న గౌరయ్య లేచి వచ్చాడు. తెల్ల చొక్కా. జేబులో రెండు పెన్నులు.

"ఏం పిల్లా? నా మనిషిని ఎందుకు దించినవ్?"

"మా నాయినకు ఇచ్చిన బెల్టే ఈయనకూ ఇచ్చినవ్."

"మీ నాయిన పెట్టుకోలే. సంతకం ఉన్నది నా దగ్గర. మీ అమ్మ వేలిముద్ర గూడ ఉన్నది."

ఎలీషమ్మ తల దించుకుంది.

"అయితే గీ బెల్టు మంచిదే అంటవ్?" అంది రెబెక్కా.

"నంబర్ వన్."

"చూద్దాం."

నీళ్ల ట్యాంకరు ఒకటి ఆగింది. బండ్ల మీద పోయేవాళ్లు ఆగారు. పద్మమ్మ గేటు దాకా వచ్చింది. జనం చేరేసరికి గౌరయ్య వెనక్కి తగ్గలేకపోయాడు.

"కానియ్," అన్నాడు. "చూస్కో."

"మామా, నీ అంత బరువున్న మొద్దు తియ్యి."

ఇరవై ఏళ్లు కట్టె మోసినవాడు. చూపుతోనే తూచాడు. కొట్టిన వేప కొమ్మల్లో నుంచి ఒక మొద్దును కాలితో దొర్లించాడు. "గిది. గిది నా అంతనే ఉంటది."

మొద్దుకు పసుపు బెల్టు బిగించారు. బెల్టుకున్న తాడును పంగకు కట్టారు. మొద్దును ట్రాలీ అంచు మీద నిలబెట్టి ఇద్దరు కూలీలు తోశారు.

పడింది. జానెడు పడింది. టప్పున ఆగింది. ఊగింది.

బెల్టు ఆపింది.

గౌరయ్య పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా కొందరు నవ్వారు. రెబెక్కా చెవులు మండాయి. ఏడాది కోపమంతా తప్పేనా? ఆ నల్లటి అచ్చు తప్పా? నాయిన...

నాయిన ఏమన్నాడు? పట్టుకున్నది బిడ్డా. గట్టిగనే పట్టుకున్నది. తర్వాత...

"ఇంకోసారి," అంది.

"ఎన్నిసార్లు?" అన్నాడు గౌరయ్య.

"ఇంకొక్కసారి."

మొద్దును మళ్లీ ట్రాలీ మీదికి ఎత్తారు. మళ్లీ తోశారు.

బకిల్ పగిలింది. పళ్లు రెండూ ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. మొద్దు నేలను కొట్టింది. ఆ దెబ్బకు అందరి అరికాళ్ల కింద నేల అదిరింది.

ఎవరూ నవ్వలేదు.

గౌరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కసారి ఆపింది గదా. చూసిండ్రు గదా అందరు. మనిషి రెండుసార్లు పడతడా?"

"పడ్డడు."

ఆ మాట అన్నది రెబెక్కా కాదు. బాలమల్లు. నేల చూస్తూ అన్నాడు.

"సత్యానందం రెండుసార్లు పడ్డడు. ఫస్టు కాలు జారి పడ్డడు. బెల్టు ఆపింది. నడుము మీద ఏలాడుకుంట అరిచిండు. నిచ్చెన పెట్టుండ్రి, నిచ్చెన పెట్టుండ్రి అని. నేను నిచ్చెన ఎత్తిన." అరచేతులు చూసుకున్నాడు. "సేటు ఆగుమన్నడు. ఎట్లాగు ఏలాడుతున్నడు గదా, గా కొమ్మ గూడ కోసి దిగుమను, మళ్ల మళ్ల ఎక్కుడెందుకు... అన్నడు."

రెబెక్కా అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"కోసిండా?" అంది రెబెక్కా.

"కోసిండు బిడ్డా. ఏలాడుకుంటనే కోసిండు. రంపం లాగినప్పుడల్లా బెల్టు గుంజుకున్నది. బీడీ కాలేంతసేపు. నేను నిచ్చెన పట్టుకొని నిలవడ్డ. చూసుకుంట నిలవడ్డ."

ఎంతసేపటికి అని అడిగితే నాయిన గోడ వైపు తిరిగింది ఇందుకు. పడినందుకు కాదు సిగ్గు. చెప్పిన పని చేసినందుకు. ప్రాణం మీదికి వచ్చినా సేటు మాట విని రంపం లాగినందుకు.

రెబెక్కాకు అరవాలనిపించింది. గౌరయ్య గొంతు పట్టుకోవాలనిపించింది. బాలమల్లు చెంప పగలగొట్టాలనిపించింది. నిచ్చెన చేతిలో పెట్టుకుని... నిచ్చెన చేతిలో పెట్టుకుని!

గౌరయ్య వంగాడు. పగిలిన బెల్టు అందుకోబోయాడు.

దాని మీద ఒక కాలు పడింది. పగుళ్లు బారిన పాదం. ఎలీషమ్మ పాదం.

"తియ్యమ్మా. నా సామాను."

"తియ్య."

"ఏం మాట్లాడుతున్నవ్? సంతకం..."

"ఏసిన. ఇదే వేలితోని ఏసిన." ఆమె బొటనవేలు ఎత్తి అతని మొహం ముందు పెట్టింది. "ఇదే వేలితోని ఇంకో కాయితం మీద ఏస్త. గీ బెల్టు పట్టుకొని స్టేషన్‌కు పోత. ముట్టు చూద్దాం!"

రెబెక్కా అమ్మను అలా ఎప్పుడూ చూడలేదు.

గౌరయ్య చుట్టూ చూశాడు. ట్యాంకరు డ్రైవరు చేతిలో ఫోను పైకి లేచి ఉంది. గౌరయ్య ట్రాక్టరు పక్కనున్న తన మోటారు సైకిలెక్కాడు. "రేపటి సంది ఎవ్వనికీ పని లేదు," అని కూలీల మీద అరిచి పోయాడు. దుమ్ము లేచింది. జనం ఒక్కొక్కరే కదిలారు.

బాలమల్లు ట్రాలీ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"స్టేషన్‌ల చెప్తవా మామా?" అంది రెబెక్కా. గొంతులో మెత్తదనం లేదు. "నిచ్చెన సంగతి?"

"ఏమో బిడ్డా... పని ఇచ్చేటోడు ఆయనే గదా. ఇద్దరు ఆడివిల్లలు..." తల చేతుల్లో పెట్టుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఆమె నడుము వైపు, తొడల పట్టీల వైపు చూశాడు. "నీది... నీది ఎట్లుంటది?"

ఆమె అతన్ని క్షమించలేదు. క్షమిస్తుందో లేదో కూడా తెలియదు. అయినా పట్టీలు ఒక్కొక్కటే విప్పింది.

"లే."

తొడలకు బిగించింది. నడుముకు బిగించింది. ప్రతి కొక్కేన్నీ మర తిప్పి, లాగి చూసింది. తాడు పంగ మీదుగా వేసింది. ఒక కొస అతనికి. రెండో కొస చెట్టు మొదలుకు ఒక చుట్టు చుట్టి, తన చేతుల్లోకి. వెనక ఎలీషమ్మ.

ఇద్దరూ లాగారు.

బాలమల్లు పాదాలు నేల విడిచాయి. జానెడు. జానెడే. అతను కంగారుగా గాలిలో చేతులు చాపాడు. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఏమీ అవసరం లేకపోయింది. మెల్లగా చేతులు కిందికి వదిలాడు. ఇటూ అటూ ఊగాడు.

"దింపాల్నా మామా?"

"ఉండనియ్."

కాసేపు ఊగాడు. యాభై ఏళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా ప్రతి చెట్టు మీదా ఊపిరి బిగబట్టిన మనిషి. అతని ఛాతీ ఎగిసిపడింది. మొహం వంకరపోయింది. ఏడుస్తాడనుకుంది రెబెక్కా.

ఏడవలేదు.

"గౌరయ్యా," అన్నాడు.

సేటు అనలేదు. ఉత్త పేరు. మొదట చిన్నగా, నోట్లోనే, కొత్త తిండి రుచి చూస్తున్నట్టు. మళ్లీ అన్నాడు. ఇంకొంచెం గట్టిగా. మళ్లీ... మెడ నరాలు ఉబ్బేలా, చెట్టు మీది కాకులు లేచిపోయేలా అరిచాడు. రోడ్డు మీద పోతున్న బండ్లు నెమ్మదించాయి.

రెబెక్కా తాడు వదల్లేదు.